ఫార్మాట్ కొట్టించే ముందు: తిరుపతి, చిత్తూరు లైనక్స్ వాడకందార్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, వాటి చుట్టుపక్కల అంగళ్లలో, నెట్ సెంటర్లలో, స్కూలు ల్యాబుల్లో, చిన్న ఆఫీసుల్లో లైనక్స్ నడిపేవాళ్ల కోసం ఈ పేజీ. చెప్పినవన్నీ డెబియన్, ఉబుంటు, మింట్ అనే లైనక్స్ రకాలకు సరిపోతాయి.

కమాండ్లను ఫోన్లో ఒకరు చెబుతుంటే ఇంకొకరు కొట్టే పద్ధతిలోనే రాశాం. ‘స్పేస్’ అన్నచోట ఖాళీ వదలండి. ‘మైనస్’ అంటే చిన్న అడ్డగీత, ‘స్లాష్’ అంటే ముందుకు వాలిన గీత. ‘పెద్ద’ అని చెప్పకపోతే అన్నీ చిన్న అక్షరాలే. అడ్మిన్ హక్కులతో నడపమని చెప్పే ‘సూడో’ స్పెల్లింగు ఎస్, యూ, డీ, ఓ. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు పోయిందని కంగారు పడొద్దు, కొట్టేసి ఎంటర్ నొక్కండి.

సిస్టం బాగా స్లో అయిపోయింది సార్. ఫార్మాట్ కొట్టేద్దామా?

వద్దు. ఫార్మాట్ చేశాక రెండు రోజులు చురుగ్గా ఉండి మూడో వారానికి మళ్లీ మొదటికొచ్చిందంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఫార్మాట్‌తో పోయేది రోగం కాదు, రోగం ఎక్కడుందో చెప్పే లాగ్‌లు, అంటే సిస్టం తనే రాసుకునే చిట్టా.

టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) తెరిచి ‘టాప్’ కొట్టండి. మూడో వరుసలో ‘డబ్ల్యూఏ’ పక్కన ఒక అంకె ఉంటుంది. ప్రాసెసర్ చేతిలో పని పెట్టుకుని, డిస్కు సమాధానం ఇవ్వక ఊరికే కూర్చున్న సమయం అది. మామూలుగా సున్నా నుంచి రెండు మూడు దాకా ఉంటుంది. బ్రౌజరు ఒక్కటి తెరిచినందుకే 30, 40 దాటి అక్కడే నిలబడిపోతే డిస్కును అనుమానించాలి.

తర్వాత స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ ఎక్కించి ‘సూడో స్పేస్ స్మార్ట్‌సీటీఎల్ స్పేస్ మైనస్ ఏ స్పేస్ స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ’ కొట్టండి. పెద్ద పట్టిక వస్తుంది. అందులో మూడు వరుసలు చాలు, చివరి గడి చూడండి.

5వ నంబరు వరుస: డిస్కు పాడైన చోట్లను పక్కన పెట్టి, దాచుకున్న చోట్లు వాడిన లెక్క. అంకె చిన్నదై నెలల తరబడి కదలకపోతే వాడుకోవచ్చు. వారం వారం పెరుగుతుంటే డిస్కు మార్చండి.

197వ నంబరు: చదవడానికి మొరాయిస్తున్న చోట్లు. ఇక్కడ సున్నా కాకుండా ఏది కనిపించినా ఆ రోజే డేటా బయటికి తీయండి. ఫార్మాట్, స్కాన్, ఇంకేదైనా ఆ తర్వాతే.

199వ నంబరు: డిస్కుకూ బోర్డుకూ మధ్య సమాచారం చెడిన లెక్క. ఇది పెరుగుతుంటే మొదట సాటా కేబుల్ మార్చండి. మంచి డిస్కును పారేసి కొత్తది కొన్నాక కూడా అదే గొడవ ఎదురయ్యేది ఇక్కడే. కేబుల్ మార్చాక పాత అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

మూడూ శుభ్రంగా ఉండి డిస్కు పాత తిరుగుడు రకం అయితే, తిరిగే భాగాల్లేని 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీకి మారండి. పదేళ్ల నాటి డెస్క్‌టాపుకైనా అది సరిపోతుంది. ర్యామ్ నాలుగు నుంచి ఎనిమిది జీబీ చేయడం రెండో అడుగు. మా మాట వినేవాళ్లకు ఈ వరుసే చెబుతాం. డబ్బులు ఒకదానికే ఉంటే ఎస్‌ఎస్‌డీకే పెట్టండి.

ఏప్రిల్, మే నెలల్లోనే ఎక్కువ ఆగిపోతోంది. ఎండకా?

ఎండకే. బయట 40 డిగ్రీలు దాటి, రేకుల కప్పు కింద అంగడిలో ఇంకా ఎక్కువ ఉన్నప్పుడు ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. లాగ్‌లో అది రాసి ఉంటుంది. ‘సూడో స్పేస్ జర్నల్‌సీటీఎల్ స్పేస్ మైనస్ కే’ కొట్టి ‘టెంపరేచర్ అబౌవ్ త్రెషోల్డ్’ అన్న వరుసలు ఉన్నాయేమో చూడండి. ఎల్‌ఎం సెన్సర్స్ ప్యాకేజీ వేసి ‘సెన్సర్స్’ అని కొడితే ఇప్పటి వేడి తెలుస్తుంది. పనేమీ లేనప్పుడే 70 దాటుతుంటే క్యాబినెట్ విప్పాల్సిందే.

లోపల కనిపించేది మామూలు దుమ్ము కాదు. రోజూ పొద్దున అంగడిలో వేసే సాంబ్రాణి పొగ, ఊదొత్తుల మసి కలిసి హీట్‌సింక్ రెక్కల మధ్య జిడ్డుగా పట్టుకుంటుంది. ఊదితే పోదు. ప్లగ్ తీసి, ఫ్యాను విప్పి, మెత్తటి బ్రష్‌తో రెక్కలు శుభ్రం చేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. గాలి వేగానికి అదుపు లేకుండా తిరిగితే బేరింగు పోతుంది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టి హీట్‌సింక్ బిగించండి. ఇడ్లీకి కారప్పొడి పూసినట్టు పూయక్కర్లేదు, బిగిస్తే అదే పరుచుకుంటుంది.

క్యాబినెట్ దేవుడి పటం కింద ఉంటే చోటు మార్చండి.

కరెంటు పోయి వచ్చింది. నల్లటి తెర మీద ‘బిజీబాక్స్’, ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని వచ్చి ఆగిపోయింది. డేటా పోయినట్టేనా?

చాలాసార్లు పోదు. డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోయింది, లెక్క సరిచూడమని సిస్టం మిమ్మల్ని అడుగుతోంది. ఆ మాటలకు పైనున్న వరుసలు చదవండి. అసలు సంగతి అక్కడుంటుంది.

‘రన్ ఎఫ్ ఎస్ సీ కే మాన్యువల్లీ’ అని ఉంటే, ఆ వరుసలోనే డిస్కు భాగం పేరు కూడా ఉంటుంది, ఉదాహరణకు ‘స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ2’. ‘ఎఫ్ ఎస్ సీ కే స్పేస్ మైనస్ వై స్పేస్’ కొట్టి ఆ పేరు రాసి ఎంటర్ నొక్కండి. వరుసలు గబగబా కదులుతాయి, ఆగేదాకా ముట్టుకోవద్దు. ఆగాక ‘ఎగ్జిట్’ కొడితే సిస్టం పైకి లేస్తుంది.

‘అలర్ట్’ అని పెట్టి, ఫలానా యూయూఐడీ (డిస్కు భాగం గుర్తింపు సంఖ్య) ‘డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని ఉంటే కథ వేరు. డిస్కే కనబడటం లేదు. ఎఫ్ ఎస్ సీ కేతో పని లేదు. పవర్ తీసి, సాటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి.

ఒక జాగ్రత్త. డిస్కులోంచి టకటక శబ్దం వస్తుంటే, లేదా పైన చెప్పిన 197వ నంబరు ముందే పెరిగి ఉంటే, ఎఫ్ ఎస్ సీ కే కొట్టొద్దు. అది డిస్కు మీద రాస్తుంది కాబట్టి చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద ఇంకా బరువు పడుతుంది. డిస్కుతో పని లేకుండా లైనక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ముందు ‘జీఎన్‌యూ డీడీరెస్క్యూ’తో ఇంకో డిస్కులోకి కాపీ తీయండి, ఆ కాపీ మీద రిపేరు చేయండి.

యూపీఎస్ ఉంది కదా. అయినా కరెంటు పోగానే ఎందుకు ఆగిపోతోంది?

600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి. గుణిస్తే 84 వాట్-అవర్లు. కాగితం మీద ఇది 100 వాట్ల డెస్క్‌టాపుకు ముప్పావు గంట పైన రావాలి. కానీ అంత వేగంగా లాగితే బ్యాటరీ పూర్తి శక్తి ఇవ్వదు, మార్పిడిలో కొంత పోతుంది, కాబట్టి కొత్తగా ఉన్నప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలు వస్తే సంతోషించాలి. మన వేడికి రెండు మూడేళ్లలో దాని పని అయిపోతుంది. పచ్చ లైటు వెలుగుతున్నంత మాత్రాన బ్యాటరీ బతికున్నట్టు కాదు.

చూడటం తేలికే. పూర్తిగా ఛార్జ్ చేసి, కంప్యూటర్ ఆన్‌లో ఉండగా యూపీఎస్ ప్లగ్ పీకండి. ముందు ఫైళ్లన్నీ సేవ్ చేసుకోండి. మల్టీమీటరు బ్యాటరీ మీద పెడితే లోడులో 12కి దగ్గర నిలబడాలి. నిమిషంలోనే 10.5 కిందికి జారిపోతే బ్యాటరీ మార్చండి, యూపీఎస్‌ను కాదు.

లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు ఎప్పుడూ తగిలించొద్దు. లోపలి ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో అది కొన్ని వందల వాట్లు లాగుతుంది. ‘ప్రింట్ ఇచ్చినప్పుడల్లా సిస్టం రీస్టార్ట్ అవుతోంది’ అనే ఫిర్యాదుకు మొదట చూడాల్సింది ఇదే.

ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని మీది మీట చూసుకోండి. చాలావాటికి ‘యూపీఎస్’, ‘నార్మల్’ అని రెండు స్థానాలుంటాయి. ఫ్యాన్లకు, లైట్లకు నార్మల్ సరిపోతుంది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై పెట్టె) కరెంటు లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లే ఓర్చుకుంటుంది. ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువ పడితే సిస్టం పడిపోతుంది.

ఇక క్యాబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోందంటే ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు రెండు తీగలకూ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 110, 115 దాకా తేలుతుంది. కరెంటు తక్కువే గానీ పెన్‌డ్రైవ్‌లు, లాన్ పోర్టులు దీనికే పోతుంటాయి. మూడు పుల్లల ప్లగ్‌లో ఎర్త్ పుల్ల విరగ్గొట్టి రెండు బొక్కల సాకెట్లో పెట్టడం మానేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉరుములు మెరుపుల రోజుల్లో ప్లగ్‌తో పాటు రాగి లాన్ వైరు కూడా తీసేయాలి. ఫైబర్ తీగ గాజుది, దాంట్లోంచి పిడుగు రాదు. కానీ ఫైబర్ పెట్టెకు పెట్టిన కరెంటు అడాప్టర్‌లోంచి వస్తుంది.

టైం సరిగ్గా అయిదున్నర గంటలు తేడా చూపిస్తోంది!

విండోస్, లైనక్స్ రెండూ ఉన్న సిస్టం కదా? బోర్డు మీది గడియారంలో విండోస్ మన భారత సమయం రాస్తుంది, లైనక్స్ మాత్రం అక్కడ ప్రపంచ ప్రామాణిక సమయం ఉందనుకుంటుంది. రెంటికీ తేడా 5:30. ఒకటి పెట్టినదాన్ని ఇంకొకటి తప్పు చదువుతోంది, అంతే. ‘సూడో స్పేస్ టైమ్‌డేట్‌సీటీఎల్ స్పేస్ సెట్ మైనస్ లోకల్ మైనస్ ఆర్‌టీసీ స్పేస్ 1’ కొడితే లైనక్స్ సర్దుకుంటుంది. లైనక్స్ ఒక్కటే ఉన్న సిస్టంలో దీన్ని ముట్టుకోవద్దు.

తేడా గంటల్లో కాక ఏళ్లలో ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది. 2.7 కిందికి వస్తే మార్చేయండి. తేదీ పాతదైతే బ్రౌజరు ప్రతి సైటుకూ ‘సర్టిఫికెట్ చెల్లదు’ అంటుంది, అప్‌డేట్ కొడితే ‘రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్’ అంటుంది. నెట్ చెడిపోయిందని ఇంటర్నెట్ వాళ్లతో పోట్లాడే ముందు ఒక్కసారి మూలనున్న గడియారం చూడండి.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాను. మళ్లీ లాగిన్ తెరకే వస్తోంది.

డిస్కు నిండిపోయి ఉండొచ్చు. లోపలికి రావాలంటే మీ ఫోల్డర్‌లో చిన్న ఫైలు ఒకటి రాయాలి, దానికి కూడా చోటు లేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్లటి తెర వస్తుంది. అక్కడ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ‘డీఎఫ్ స్పేస్ మైనస్ హెచ్’ కొట్టండి. ఒంటి స్లాష్ ఉన్న వరుసలో 100 శాతం కనిపిస్తే అదే కారణం.

ముందు తేలిగ్గా దొరికేవి: ‘సూడో స్పేస్ ఆప్ట్ స్పేస్ క్లీన్’ దించుకున్న ప్యాకేజీలు తీసేస్తుంది. ‘సూడో స్పేస్ జర్నల్‌సీటీఎల్ స్పేస్ మైనస్ మైనస్ వాక్యూమ్ మైనస్ సైజ్ ఈక్వల్ 200ఎం (ఎం పెద్దది)’ లాగ్‌లను 200 ఎంబీకి కుదిస్తుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 లేదా ఎఫ్7తో వెనక్కి వచ్చి లాగిన్ అవ్వండి, లోపల చెత్తబుట్ట ఖాళీ చేయండి. నెలల తరబడి డిలీట్ చేసిన పెళ్లి వీడియోలన్నీ అందులోనే కూర్చుని ఉంటాయి.

చోటుందని చూపిస్తూ కూడా ‘నో స్పేస్ లెఫ్ట్’ అంటే ‘డీఎఫ్ స్పేస్ మైనస్ ఐ’ చూడండి. లక్షల కొద్దీ చిట్టి ఫైళ్లు చేరితే చోటు మిగిలినా ఫైళ్ల లెక్క అయిపోతుంది. పెద్ద లాగ్ డిలీట్ చేసినా చోటు తిరిగి రాలేదంటే దాన్ని ఏదో ప్రోగ్రాం ఇంకా పట్టుకునుంది. ‘సూడో స్పేస్ ఎల్‌ఎస్‌ఓఎఫ్ స్పేస్ ప్లస్ ఎల్1 (ఎల్ పెద్దది)’ దాని పేరు చెబుతుంది, ఆ ప్రోగ్రాం రీస్టార్ట్ చేస్తే చోటు వచ్చేస్తుంది.

ఇంకోటి. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసిన ప్రతి డిస్కులో మామూలుగా 5 శాతం రూట్ (అడ్మిన్ ఖాతా) కోసం పక్కన పెట్టి ఉంటుంది. 1 టీబీ డేటా డిస్కులో అది 50 జీబీ. సిస్టం ఉన్న భాగంలో దాన్ని అలాగే ఉంచండి. ఉత్త ఫైళ్లు దాచుకునే డిస్కుకు ‘ట్యూన్2ఎఫ్‌ఎస్’తో ‘మైనస్ ఎం స్పేస్ 1’ ఇస్తే 40 జీబీ చేతికొస్తుంది.

‘బూట్’ భాగం నిండితే మాత్రం ఫైళ్లను చేత్తో తుడవొద్దు. ‘సూడో స్పేస్ ఆప్ట్ స్పేస్ ఆటోరిమూవ్’ పాత కెర్నల్స్‌ను (లైనక్స్ మూల భాగం పాత వెర్షన్లను) లెక్కగా తీస్తుంది.

ర్యామ్ అంతా తినేసింది, 200 ఎంబీ కూడా ఖాళీ లేదు?

‘ఫ్రీ స్పేస్ మైనస్ హెచ్’ కొట్టి చివరి గడి ‘అవైలబుల్’ చూడండి, ‘ఫ్రీ’ గడి కాదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌లో చదివిన ఫైళ్లను దాచుకోవడం లైనక్స్ అలవాటు. ఎవరైనా అడగ్గానే ఇచ్చేస్తుంది.

వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రాదు.

మూడు మెట్లు. ‘ఐపీ స్పేస్ రూట్’ కొడితే ‘డిఫాల్ట్ వయా’ పక్కన మీ రౌటర్ నంబరు ఉంటుంది, తరచుగా 192.168.1.1. దానికి ‘పింగ్’ కొట్టండి. జవాబు రాకపోతే గొడవ మీ గదిలోనే. వస్తే ‘పింగ్ స్పేస్ 8.8.8.8’. అది రాకపోతే గొడవ రౌటర్ అవతల, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. అదీ వచ్చి, సైటు పేరుతో పింగ్ రాకపోతే పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్ పనిచేయడం లేదు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ 8.8.8.8 లేదా 1.1.1.1 అని రాసి, కనెక్షన్ ఆపి మళ్లీ కలపండి.

కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని సగంలో నిలిచిపోతే ఎంటీయూ, అంటే నెట్‌లో వెళ్లే ఒక్కో డేటా పొట్లం గరిష్ఠ సైజు, చూడాలి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్లలో ప్రతి పొట్లంలోంచి 8 బైట్లు దానికే పోతాయి, 1500కి 1492 మిగులుతాయి. రౌటర్‌లో ఎంటీయూ 1500 ఉంటే 1492 చేయండి.

రైల్వే స్టేషన్, బస్టాండు దగ్గర లాడ్జీల సందుల్లో వైఫై రాత్రిపూట నత్తలా నడవడానికి కారణం మీ కంప్యూటర్ కాదు. గోడకు గోడ ఆనుకుని ఉన్న పది లాడ్జీల రౌటర్లూ ఒకే ఛానల్ మీద అరుస్తుంటాయి. ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ స్పేస్ డెవ్ స్పేస్ వైఫై స్పేస్ లిస్ట్’ కొడితే ఎవరు ఏ ఛానల్ మీద ఉన్నారో కనబడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. ఖాళీ చూసుకుని 3కో 4కో మారితే రెండు వైపులా గోల పడుతుంది. కౌంటర్ దగ్గర కదలని సిస్టానికి వైరు వేయడం అన్నిటికంటే మంచి మందు.

కొత్తగా ఎక్కించిన సిస్టంలో వైఫై కార్డే కనబడకపోతే, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేయండి. దాని మీద నెట్ తెచ్చుకుని డ్రైవర్ దించుకోండి. బ్రాడ్‌కామ్, కొన్ని రియల్‌టెక్ కార్డులకు ఇది తప్పదు.

300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే టైంకు లైనక్స్‌లో త్వరగా దొరుకుతాయా?

లేదు. మీ గడియారం సెకన్లతో సహా సరిగ్గా ఉన్నా లెక్కకొచ్చేది సర్వర్ గడియారమే. ముందే లాగిన్ అయి, భక్తుల వివరాలు పక్కన పెట్టుకుని, వరుసలో పడ్డాక పేజీని రిఫ్రెష్ చేయకుండా కూర్చోండి. నెట్ సెంటర్లో ఇరవై సిస్టాలకు ఒకే కనెక్షన్ ఉంటే టికెట్లు వదిలే ఆ కాసేపు మిగతా సిస్టాల్లో వీడియోలు, అప్‌డేట్లు ఆపేయడం మీ చేతిలో ఉన్న పని.

ప్రింటర్ నిన్నటిదాకా పనిచేసింది. ఇవాళ ప్రింట్ ఇస్తే ఏమీ రావడం లేదు.

‘ఎల్‌పీస్టాట్ స్పేస్ మైనస్ పీ’ కొట్టండి. ‘డిసేబుల్డ్’ అని ఉంటే, ఎప్పుడో కేబుల్ కదిలినప్పుడో ప్రింటర్ ఆపినప్పుడో లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ ఆ వరుసను నిలిపేసింది, తనంతట తాను మళ్లీ తెరవదు. ‘సూడో స్పేస్ కప్స్‌ఎనేబుల్ స్పేస్’ తర్వాత ప్రింటర్ పేరు. దానికి ముందు ‘క్యాన్సెల్ స్పేస్ మైనస్ ఏ’తో పాత జాబులు తీసేయండి. లేకపోతే కస్టమరు పదిసార్లు నొక్కిన ఆధార్ కార్డు పది కాపీలూ ఒక్కసారిగా వస్తాయి.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఇప్పటికీ చాలా కౌంటర్ల మీద ఉంది. తనను నడిపే ప్రోగ్రాంను శాశ్వతంగా దాచుకునే చోటు దానిలో లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ దానికి ఆ ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, పంపాలి. ఆ పని చేసే ప్లగిన్ వెర్షను, హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవరైన హెచ్‌పీలిప్ వెర్షను ఒకటే అయి ఉండాలి. సిస్టం అప్‌డేట్‌లో హెచ్‌పీలిప్ కొత్తదైతే ప్లగిన్ పాతదైపోతుంది. ‘హెచ్‌పీ మైనస్ ప్లగిన్’ మళ్లీ నడపండి, ప్రింటర్ ఆపి వేయండి.

లైటు మెరుస్తూ కాగితం కోసం ఎదురుచూస్తోందా? ట్రేలో ఏ4 ఉంటుంది, సెట్టింగ్స్‌లో అమెరికా వాళ్ల ‘లెటర్’ సైజు ఉంటుంది. ప్రింటర్ సెట్టింగ్స్‌లోనూ, డాక్యుమెంట్ పేజీ సెటప్‌లోనూ, రెండు చోట్లా ఏ4 చేయాలి.

తెలుగు పేరున్న ఫైళ్లు విండోస్ డిస్కు నుంచి కాపీ అవ్వడం లేదు. ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అంటోంది.

ఇంగ్లిషు పేర్లు పెట్టేవాళ్లకు ఎన్నడూ ఎదురుకాని కష్టం ఇది. లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు తింటుంది, అంటే 85 గుర్తులతో సరి. అవి కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. ‘తిరుపతి’ మన కంటికి నాలుగక్షరాలు. యంత్రానికి త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి: ఏడు గుర్తులు, 21 బైట్లు. ‘శ్రీ’ ఒక్కటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి 12 బైట్లు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఇదే 255 గుర్తుల దాకా పోనిస్తుంది కాబట్టి అక్కడ పెట్టిన పొడుగు పేరు ఇక్కడ ఇమడదు. ‘శ్రీ’లు మూడు పెట్టి, పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఊరు, తేదీ, మండపం అన్నీ రాసిన శుభలేఖ ఫైళ్లే ఎక్కువగా ఆగిపోతాయి. విండోస్‌లోనే పేరు తగ్గించి తెచ్చుకోండి.

ఫైల్లో ఆ మాట కంటికి కనిపిస్తోంది, వెతికితే దొరకడం లేదు.

‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట కింద వ వత్తుగా పడకుండా ఉండటానికి మధ్యలో కనబడని గుర్తు ఒకటి పెడతారు, దాని సంఖ్య యూ ప్లస్ 200సీ. ఒకరు అది పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టరు. యంత్రానికి అవి రెండు వేరు మాటలు. పేర్ల జాబితాలో వెతికేటప్పుడు మాట మొత్తం కాక మొదటి రెండు మూడక్షరాలే కొట్టండి.

టెర్మినల్‌లో వత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తే ఫైలు చెడలేదు. అదే ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూసుకోండి.

పాత డీటీపీ సెంటర్లలో ‘అను’ ఫాంట్లతో చేసిన ఫైళ్ల సంగతి వేరు. వాటిలో ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మలు తొడిగిన ఇంగ్లిషు గుర్తులు. ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతల్లా కనబడతాయి. ఫాంటు వేసినా వెతకడం కుదరదు. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి, కానీ వత్తులు, అరసున్నాల దగ్గర తప్పులు పడతాయి, ఒకసారి చదివి దిద్దాల్సిందే. కొత్తగా రాసేదంతా యూనికోడ్‌లోనే రాయండి. లైనక్స్‌లో భాషలు టైపు చేయించే ఐబస్‌కు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా వస్తుంది.

విండోస్ డ్రైవ్ తెరుచుకుంటోంది గానీ అందులో ఏమీ రాయనివ్వడం లేదు.

షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. ‘ఫాస్ట్ స్టార్టప్’ పేరుతో సగం నిద్రలో ఉంటుంది. నిద్రపోతున్నవాడి జేబులో చెయ్యి పెట్టకూడదని లైనక్స్ చదవడంతో సరిపెట్టుకుంటుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. శాశ్వతంగా కావాలంటే విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ కమాండ్ తెరలో ‘పవర్‌సీఎఫ్‌జీ స్పేస్ స్లాష్ హెచ్ స్పేస్ ఆఫ్’.

పెన్‌డ్రైవ్‌లు: కాపీ అయిపోయిందని చూపించినా డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. ‘ఎజెక్ట్’ నొక్కి, తీయొచ్చని చెప్పేదాకా ఆగండి. 4 జీబీ దాటిన సినిమా ఎక్కకపోతే అది ఫ్యాట్32 హద్దు, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి. ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికే ‘1 టీబీ’ పెన్‌డ్రైవ్‌ను ఎఫ్3 ప్యాకేజీతో పరీక్షించండి. ‘ఎఫ్3రైట్’ నింపుతుంది, ‘ఎఫ్3రీడ్’ తిరిగి చదివి నిజంగా ఎంత ఉందో చెబుతుంది.

పూర్తిగా హ్యాంగ్. మౌస్ కూడా కదలదు. బటన్ నొక్కి పట్టుకోవడమేనా?

దానికి ముందు ఒక ప్రయత్నం. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ పట్టుకుని, ఒక్కోదానికి రెండు సెకన్లు ఆగుతూ ఎస్, యూ, బీ నొక్కండి. ఎస్ మిగిలిన డేటాను డిస్కు మీద రాస్తుంది, యూ డిస్కును చదవడానికి మాత్రమే అని మారుస్తుంది, బీ రీబూట్ చేస్తుంది. పాత పాఠాల్లో దీనికి ముందు ఆర్, ఈ, ఐ కూడా ఉంటాయి. ఉబుంటులో అనుమతి విలువ 176, అంటే 16, 32, 128 కలిపినది, ఎస్, యూ, బీ మూడిటికే సరిపోతుంది.

పర్మిషన్ ఎర్రర్ వస్తే 777 (అందరికీ అన్ని అనుమతులూ) పెట్టమన్నారు.

ఎవరు చెప్పినా పెట్టొద్దు. అంగడి తాళం పోయిందని తలుపే పీకేయడం అది. సిస్టం ఫోల్డర్ల మీద కొడితే సూడో తనే పనిచేయనని మొరాయిస్తుంది, దూరపు సిస్టంలోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి ఫైలు మీద కొడితే ‘అన్‌ప్రొటెక్టెడ్’ అని లోపలికి రానివ్వదు. నలుగురు కలిసి వాడే ఫోల్డర్ కావాలంటే ఒక గ్రూపు చేసి, ఆ నలుగురినీ అందులో చేర్చి, ఫోల్డర్‌ను ఆ గ్రూపుకిచ్చి, 2775 పెట్టండి. ముందున్న ఆ 2 వల్ల లోపల ఎవరు కొత్త ఫైలు చేసినా గ్రూపుకే చెందుతుంది.

అప్‌డేట్ కొడితే ‘కుడ్ నాట్ గెట్ లాక్’ అంటోంది. లాక్ ఫైల్ తీసేయమని ఎక్కడో చదివాను.

తీసేయొద్దు. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది, పది నిమిషాలు టీ తాగి రండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఉంటే మాత్రం ‘సూడో స్పేస్ డీపీకేజీ స్పేస్ మైనస్ మైనస్ కాన్ఫిగర్ స్పేస్ మైనస్ ఏ’.

బ్యాకప్ రోజూ తీస్తున్నాం. ఇంకేం చూడాలి?

తిరిగి పెట్టి చూశారా? నెలకోసారి ఏదో ఒక ఫైలును బ్యాకప్‌లోంచి తీసి తెరవండి.

ఫోల్డర్లను కాపీ తీసే ఆర్‌సింక్ కమాండ్ వాడేవాళ్లు పడే గుంటలు మూడు. మొదటిది, మూల ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలి ఫైళ్లు మాత్రమే వెళతాయి, లేకపోతే ఫోల్డరుతో సహా వెళుతుంది. ‘డిలీట్’ ఆప్షన్ తోడైతే ఈ చిన్న గీత తేడాతో పాత బ్యాకప్ తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ముందు ‘మైనస్ ఎన్’ ఇచ్చి ఉత్తుత్తిగా నడిపి చూడండి. రెండోది, బయటి డిస్కు తగిలించని రోజు కూడా స్క్రిప్టు నడుస్తుంది. అప్పుడు కాపీ అంతా అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లో, అంటే సిస్టం డిస్కులోనే పడి, తెల్లారేసరికి అది నిండిపోతుంది. స్క్రిప్టు మొదట్లో ‘మౌంట్‌పాయింట్ స్పేస్ మైనస్ క్యూ’తో డిస్కు ఉందో లేదో చూసి, లేకపోతే ఆగిపోయేలా రాయండి. మూడోది, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌ది. క్రాన్ పట్టికలో శాతం గుర్తును కొత్త వరుస అనుకుంటుంది. ఫైలు పేరులో తేదీ కోసం శాతం వాడితే దానికి ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. చేత్తో నడిపితే పనిచేసి, రాత్రి నడవని స్క్రిప్టులకు తరచుగా ఇదే కారణం.

బ్యాకప్ డిస్కును ఎప్పుడూ తగిలించే ఉంచొద్దు. పక్క విండోస్ సిస్టంలో డబ్బులడిగే వైరస్ పడితే, షేర్ చేసిన ఫోల్డర్ల మీదుగా మీ ఫైళ్ల దాకా కూడా వస్తుంది. లైనక్స్‌కు వైరస్ రాదనే ధీమా అక్కడ పనికిరాదు.

పాత సిస్టానికి ఏది ఎక్కించాలి? అన్నీ లైనక్స్‌లోనే అవుతాయా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11కు ఎదగలేని 4 జీబీ యంత్రాలకు మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టండి. 2 జీబీ అయితే డెబియన్, ఎల్‌ఎక్స్‌క్యూటీ. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ రెండూ తేలికపాటి డెస్క్‌టాప్ రూపాలు. ఏదైనా సరే, ల్యాబు మొత్తానికి ఒకటే పెట్టండి. పది సిస్టాలకు పది రకాలు పెట్టినవాడికి ఆదివారం ఉండదు.

అన్నీ అవ్వవు. వేలిముద్రల పరికరాలు, డిజిటల్ సంతకం టోకెన్లు, కొన్ని అకౌంట్ల ప్యాకేజీలు విండోస్ కోసమే చేసినవి. వాటి కోసం ఒక విండోస్ సిస్టం పక్కన ఉంచుకోవడం నామోషీ కాదు.

సాయం అడిగేటప్పుడు ఏం పంపాలి?

‘పనిచేయట్లేదు అన్నా’ అన్న వాయిస్ మెసేజ్ చాలదు. ఏం చేస్తుండగా ఆగింది, చివరగా ఏం మార్చారు, తెర మీద ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. ఫొటో అయితే మొదటి ఎర్రర్ వరుస కనిపించేలా తీయండి. చివరి వరుసలో ఉండేది పర్యవసానమే, కారణం దానికి పైనెక్కడో ఉంటుంది. రీస్టార్ట్ అయిపోయి ఉంటే ‘సూడో స్పేస్ జర్నల్‌సీటీఎల్ స్పేస్ మైనస్ బీ స్పేస్ మైనస్ 1 స్పేస్ మైనస్ పీ స్పేస్ ఈఆర్ఆర్’ కొట్టండి. ఆగిపోయిన ఆ పూట తాలూకు ఎర్రర్లు మాత్రమే వస్తాయి. వాటిని ఫైలుగా పంపండి, వాటిలో పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల ఆధార్ నంబర్లు లేవని ఒకసారి చూసుకుని.